జరీ తీగ నుంచి జీపు దీపం దాకా

పట్టుచీర అంచు నుంచి ఊడిన జరీ పోగు ఒకటి దొరికితే పారేయకండి. గోటితో మెల్లగా విప్పి చూడండి. పైన మెరుస్తున్నది పలుచని లోహపు రేకు. లోపల ఉన్నది దారం. ఆ రేకు ఒకప్పుడు లావుపాటి కడ్డీ. దాన్ని లాగి లాగి సన్నని తీగ చేశారు, ఆ తీగను చదును చేసి దారానికి చుట్టారు. ధర్మవరం చీరైనా, గద్వాల చీరైనా, వెంకటగిరి చీరైనా, అందులోని జరీ గుజరాత్‌లోని సూరత్ నుంచి వచ్చినదై ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఇక రెండో వస్తువు. అడవుల్లో, కొండదారుల్లో తిరిగే జీపులను మీరు చూసే ఉంటారు. కొన్నింటికి కప్పు మీది క్యారియరుకు వరసగా నాలుగు దీపాలు బిగించి ఉంటాయి. ఒక బండి మీద అవి పట్టపగలులా వెలుగుతాయి. మరో బండి మీద అవే దీపాలు ఎర్రబారి మినుకుమంటాయి. ఇంకో బండిలో స్విచ్చి వేసిన కాసేపటికే తీగ తొడుగు కాలిన వాసన వస్తుంది. దీపాలు ఒకటే, బ్యాటరీ ఒకటే. మరి తేడా ఎక్కడుంది?

తేడా తీగ సన్నదనంలో ఉంది. లోహాన్ని సన్నగా తీయడం సూరత్ పనివారికి తరతరాల విద్య. కానీ ఆ సన్నదనం కరెంటు దారిలో ఉండవలసిన చోట ఉంటే మేలు చేస్తుంది, ఉండకూడని చోట ఉంటే బండిని తగలబెడుతుంది. జీపు కప్పు మీది దీపాల వెనుక నిజానికి మూడు రకాల తీగలున్నాయి. వెలిగే తీగ, మోసే తీగ, తెగే తీగ. వాటి చరిత్రను వరసగా చూద్దాం.

కమ్మచ్చు చెప్పిన లెక్క

మన కంసాలి దగ్గర కమ్మచ్చు అనే పనిముట్టు ఉంటుంది. అది రంధ్రాలున్న ఒక ఉక్కు పలక. రంధ్రాలు క్రమంగా చిన్నవవుతూ పోతాయి. లోహపు కమ్మిని ముందు పెద్ద రంధ్రంలోంచి, తరువాత అంతకన్నా చిన్నదానిలోంచి, అలా వరసగా లాగుతారు. ప్రతిసారీ కమ్మి కొంచెం సన్నబడి, కొంచెం పొడుగవుతుంది.

సూరత్‌లో ఇదే పని పెద్ద పరిశ్రమగా ఎదిగింది. అందుకు కారణం ఆ ఊరి రేవు. 1573లో అక్బరు సూరత్‌ను జయించిన తరువాత అది మొగలుల ప్రధాన రేవుగా మారింది. ఎర్రసముద్రం మీదుగా వచ్చే ఓడలు వెండిని తెచ్చేవి. ఆ వెండిలో ఎక్కువభాగం టంకశాలలో రూపాయలయ్యేది. వెండి చేతికందే చోట జరీపని వేళ్ళూనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పాత పద్ధతిలో వెండి కడ్డీకి బంగారు రేకు చుట్టి లాగేవారు. వెండితోపాటు బంగారమూ సాగేది. తరువాత విద్యుత్తుతో బంగారు పూత పూసే పద్ధతి వచ్చింది. చవకరకం జరీలో వెండికి బదులు రాగి తీగ ఉంటుంది. నేడు సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

సూరత్‌తో మనవారికి మరో బంధం ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వేలాది నేతకుటుంబాలు బతుకుదెరువు వెతుక్కుంటూ అక్కడి మరమగ్గాలకు వెళ్ళాయి. మన సిరిసిల్లలో సాంచాలంటామే, అవే. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడపవలసి వచ్చిందంటే వారి సంఖ్య ఎంతటిదో ఊహించుకోవచ్చు. పోగు లావెంతో వేళ్ళతో తడిమి చెప్పగల ఈ పనివారికి, మనం చెప్పుకోబోయే విషయం సులభంగానే అర్థమవుతుంది.

విద్యుత్తు తీగల దుకాణంలో మీరొక వింత గమనించి ఉంటారు. 18 నెంబరు తీగకన్నా 22 నెంబరు తీగ సన్నగా ఉంటుంది. నెంబరు పెరిగితే లావు తగ్గడమేమిటి? దీనికి జవాబు కమ్మచ్చులో ఉంది. వెనకటి తీగల పనిలో నెంబరంటే తీగను ఎన్నిసార్లు లాగారన్న లెక్క. ఎక్కువ రంధ్రాలు దాటిన తీగ ఎక్కువ సన్నబడుతుంది, దాని నెంబరు పెరుగుతుంది. కార్ఖానాకు ఒక లెక్క ఉండడంతో తికమకలు పెరిగి, బ్రిటన్‌లో 1884 నుంచి ఒకే ప్రామాణిక గేజిని అమలు చేశారు. మనకూ అదే వచ్చింది. పాతతరం ఎలక్ట్రీషియన్లు 3/20, 7/20 అని తీగలు అడిగేవారు. 3/20 అంటే 20 గేజి పోగులు మూడు కలిపి పేనిన తీగ అన్నమాట.

ఓమ్, జౌల్ కనుగొన్నది

సన్నదనానికీ విద్యుత్తుకూ ఉన్న సంబంధాన్ని లెక్కలో పెట్టినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు జార్జ్ సైమన్ ఓమ్. 1827లో ఆయన ప్రచురించిన గ్రంథం సారాంశమిది. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది. తీగ అడ్డుకోత వైశాల్యం పెరిగితే నిరోధం తగ్గుతుంది.

కమ్మచ్చు దగ్గరికి మళ్ళీ రండి. ఒక తీగను దాని వ్యాసం సగమయ్యేదాకా లాగారనుకోండి. అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతవుతుంది. లోహం ఎక్కడికీ పోదు కాబట్టి పొడవు నాలుగింతలవుతుంది. ఫలితంగా ఆ తీగ మొత్తం నిరోధం పదహారు రెట్లవుతుంది! లోహం బరువు గురిగింజంతైనా మారలేదు. మారింది ఆకారమే.

1840 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ జౌల్ రెండో సంగతి తేల్చాడు. తీగలో పుట్టే వేడి దాని నిరోధాన్ని బట్టీ, కరెంటు వర్గాన్ని బట్టీ ఉంటుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. కరెంటు పదింతలైతే వేడి నూరింతలు. జీపు దీపాల కథంతా ఈ రెండు సూత్రాల్లోనే ఉంది.

వెలిగే తీగ

తొలినాటి మోటారు బండ్లకు గుర్రపుబండ్ల మాదిరిగానే చమురు దీపాలుండేవి. తరువాత అసిటిలీన్ దీపాలు వచ్చాయి. ఒక డబ్బాలో కాల్షియం కార్బైడు వేసి, దానిపై నీటిబొట్లు పడనిస్తే అసిటిలీన్ వాయువు పుడుతుంది. దాన్ని వెలిగిస్తే తెల్లని మంట వస్తుంది. ఊరేగింపుల్లో ఒకప్పుడు మనం చూసిన కార్బైడు దీపాలు ఈ జాతివే.

విద్యుద్దీపం అప్పటికే ఉన్నా బండి ఎక్కలేకపోయింది. గతుకుల రోడ్ల మీద దాని ఫిలమెంటు కుదుపులకు విరిగిపోయేది. టంగ్‌స్టన్ లోహం 3,400 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగదు కాబట్టి ఫిలమెంటుకు అది అన్నివిధాలా తగినది. కాని పెళుసు లోహం. తీగ తీయబోతే విరుగుతుంది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో విలియం కూలిడ్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి శ్రమించి, 1910 ప్రాంతంలో దాన్ని వేడిమీద సాగగొట్టి మెత్తబరిచే పద్ధతి కనుగొన్నాడు. ఆపైన వజ్రంలో తొలిచిన రంధ్రాలగుండా లాగి సన్నని తీగ తీశాడు. చూశారా, మళ్ళీ కమ్మచ్చే! కాకపోతే ఉక్కుకు బదులు వజ్రం. జరీకి పేరుపడ్డ సూరత్ వజ్రాల సానకు కూడా పేరుపడడం కాకతాళీయమే గాని, మన కథకు అందంగా అతుకుతుంది.

దాదాపు అదే కాలంలో చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు కారును విద్యుత్తుతో స్టార్టు చేసే ఏర్పాటు రూపొందించాడు. 1912 నమూనా కాడిలాక్ కార్లలో బ్యాటరీ, డైనమో, స్టార్టరు, విద్యుద్దీపాలు ఒకే వ్యవస్థగా వచ్చాయి. బండి కదులుతున్నంతసేపూ డైనమో బ్యాటరీని నింపుతూ ఉంటుంది. కార్బైడు డబ్బాల కాలం క్రమంగా ముగిసింది.

1960లలో హాలోజన్ దీపాలు వాహనాలకు వచ్చాయి. మామూలు బల్బులో టంగ్‌స్టన్ మెల్లమెల్లగా ఆవిరై గాజుపై నల్లగా పేరుకుంటుంది. అయొడిన్ వంటి హాలోజన్ ఉంటే అది ఆవిరైన టంగ్‌స్టన్‌తో కలిసి, దాన్ని తిరిగి ఫిలమెంటు దగ్గరికే చేరుస్తుంది. అందుకే ఫిలమెంటును మరింత వేడిగా, మరింత తెల్లగా వెలిగించవచ్చు. జీపు కప్పులెక్కిన 55 వాట్ల గుండ్రని దీపాలు ఎక్కువగా ఈ రకానివే.

ఫిలమెంటు కావాలని సన్నగా తీసిన తీగ. దాని నిరోధం వల్లనే అది వేడెక్కి వెలుగుతుంది. ఇక్కడ సన్నదనం మనకు మిత్రుడు.

మోసే తీగ

బ్యాటరీ నుంచి దీపం దాకా కరెంటును మోసే రాగి తీగ సంగతి వేరు. అది వెలగకూడదు, వేడెక్కకూడదు. అసలది ఉన్నట్టే దీపానికి తెలియకూడదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంటి వైరింగు తెలిసినవారు, ఇంట్లో మిగిలిన తీగనే జీపుకు వాడేస్తారు. ‘నాలుగు 55 వాట్ల దీపాలు, మొత్తం 220 వాట్లు. ఇంట్లో ఇంతకన్నా ఎక్కువే వాడతాం గదా’ అంటారు. వాట్ల లెక్క సరే, వోల్టుల మాటేమిటి? ఇంట్లో 230 వోల్టుల దగ్గర 220 వాట్లకు ఒక ఆంపియరుకు కాస్త తక్కువే చాలు. జీపులో ఉన్నది 12 వోల్టులు. అవే 220 వాట్లకు 18 ఆంపియర్లకు పైగా కావాలి. కరెంటు 19 రెట్లు. జౌల్ సూత్రం ప్రకారం అదే తీగలో పుట్టే వేడి 360 రెట్లకు పైగా!

ఇంకొంచెం లెక్క చూద్దాం. దీపాలు బంపరు మీద ఉంటే దారి దగ్గర. కప్పు మీద ఉంటే ముందు అద్దం పక్కనున్న స్తంభం వెంట పైకెక్కి, క్యారియరు దాకా పోవాలి. పోనూ రానూ తీగ 8 మీటర్లనుకుందాం. 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగ వాడితే దాని నిరోధం సుమారు 0.14 ఓములు. చాలా తక్కువనిపిస్తుంది. కాని 18 ఆంపియర్లు పోతున్నప్పుడు అది 2.5 వోల్టులు మింగేస్తుంది. తీగలోనే 45 వాట్లు వేడిగా పోతాయి. అంటే ఒక దీపానికి సరిపడే శక్తి దాదాపు అంతా దారిలోనే ఖర్చవుతుంది. అంతటితో ఆగదు. ఫిలమెంటు దీపంలో వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. 2.5 వోల్టులు పోతే వెలుగు దాదాపు సగమవుతుంది. ఎర్రబారిన దీపాల రహస్యమిదే. తప్పు దీపానిది కాదు.

ఇప్పుడు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయండి. నష్టం 0.6 వోల్టులకు దిగుతుంది. తీగలో వేడి 11 వాట్లే, అదీ 8 మీటర్ల పొడవునా పంచుకొని. 6 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం ఇంకా తక్కువ. అయినా కొందరు తీగ దగ్గర పొదుపు చేసి, వెలుగు చాలక పెద్ద దీపాలు కొంటారు. పెద్ద దీపం మరింత కరెంటు అడుగుతుంది, సన్నని తీగ మరింత వేడెక్కుతుంది. తూము చిన్నదైనప్పుడు చెరువెంత నిండి ఉన్నా చివరి మడికి నీరందదు గదా!

వాహన చరిత్రలోనూ ఈ లెక్కే మార్పు తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపు బ్యాటరీ 6 వోల్టులదే. ఆ జీపులనే 1940ల చివర్లో మహీంద్రా సంస్థ మన దేశానికి తెచ్చింది. ఇంజన్లు, దీపాలు పెరిగేకొద్దీ 6 వోల్టుల దగ్గర కరెంటు భరించలేనంతయింది. 1950ల మధ్యలో కార్ల పరిశ్రమ 12 వోల్టులకు మారింది. వోల్టులు రెట్టింపైతే అదే శక్తికి కరెంటు సగం చాలు, వేడి నాలుగో వంతు. పెద్ద లారీలు, బస్సుల్లో చాలావాటికి 24 వోల్టులుండడానికి కూడా కారణమిదే.

లావుపాటి తీగ అన్నాం గదా అని ఒకే కమ్మి వాడకూడదు. బండి కుదుపులకు అది అలసి విరుగుతుంది. వాహనపు తీగలో ఎన్నో సన్నని రాగి పోగులు పేని ఉంటాయి. పోగు సన్నదనం వంగడానికి పనికొస్తుంది, పోగులన్నీ కలిసిన లావు కరెంటు మోయడానికి పనికొస్తుంది. పాత టెలిఫోను రిసీవరు తాడును విప్పితే లోపల దారానికి చుట్టిన రాగి రేకులు కనిపించేవి. అది అచ్చంగా జరీ నిర్మాణమే! ఎంత వంచినా తెగదు. మాటను మోసే చిన్న కరెంటుకు అది చాలు. దీపాలకు చాలదు.

తెగే తీగ

కప్పు మీదికి పోయే తీగ రేకు అంచులకు ఒరుసుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ తొడుగు అరిగి, రాగి బండి శరీరానికి తగులుతుంది. బండి శరీరమంతా బ్యాటరీ రుణధ్రువానికి కలిపి ఉంటుంది కాబట్టి ఇక మధ్యలో దీపమనే అడ్డు లేదు. స్టార్టరు కోసం వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ అంతా ఆ తీగలోకి కుమ్మరిస్తుంది. క్షణాల్లో తొడుగు అంటుకుంటుంది. పక్కనే పెట్రోలు గొట్టం ఉండవచ్చు. లోపల మనుషులు ఉండవచ్చు.

దీనికి విరుగుడు కూడా సన్నని తీగే. 1847లో ఫ్రాన్సుకు చెందిన బ్రెగే, పిడుగుల నుంచి టెలిగ్రాఫు కేంద్రాలను కాపాడడానికి దారిలో ఒకచోట సన్నని తీగ పెట్టమన్నాడు. ఉప్పెనలా కరెంటు వస్తే ముందుగా అది కరిగి దారి తెంచుతుంది. 1890లో ఎడిసన్ తన విద్యుత్ పంపిణీ వ్యవస్థ కోసం ఫ్యూజుకు పేటెంటు పొందాడు. వాహనాల్లో నేడు వాడే రెండు రెక్కల ప్లాస్టిక్ ఫ్యూజులు 1970లలో వచ్చాయి. వాటికి రంగుల భాష ఉంది. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

ఫ్యూజు గురించి రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, అది కాపాడేది దీపాన్ని కాదు, తీగను. కాబట్టి తీగ మోయగలిగినదానికన్నా పెద్ద ఫ్యూజు వేయకూడదు. రెండోది, అది బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఉండాలి. దీపం దగ్గర పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ తగిలినప్పుడు ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు. ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టే అలవాటు మనలో ఉంది. అలా చేస్తే తెగవలసినది తెగదు, కాలకూడనిది కాలుతుంది.

టెలిగ్రాఫు ఇచ్చిన కానుక

ఇక స్విచ్చి. డ్రైవరు చేతికందే చిన్న స్విచ్చిలోంచి 18 ఆంపియర్లూ పోనిస్తే దాని ముక్కులు కాలిపోతాయి. పైగా తీగను బ్యాటరీ నుంచి డ్రైవరు దాకా తెచ్చి, మళ్ళీ కప్పు మీదికి తిప్పాలి. దారి పెరిగితే నష్టమూ పెరుగుతుంది.

టెలిగ్రాఫు పనివారికి ఈ చిక్కు ఏనాడో ఎదురైంది. మైళ్ళకొద్దీ తీగ దాటేసరికి కరెంటు నీరసించేది. మన దేశంలో తొలి టెలిగ్రాఫు మార్గాలు వేసిన ఓషానెసీ 1850లలో సన్నని తీగలకు బదులు మందపాటి ఇనుప కడ్డీలనే స్తంభాలకు కట్టాడు. మరో ఉపాయం అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీది. దూరం నుంచి వచ్చిన బలహీనమైన కరెంటుతో పెద్ద పని చేయించనక్కరలేదు. ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని కదిలిస్తే చాలు. అది అక్కడే ఉన్న మరో బ్యాటరీ దారిని కలుపుతుంది. 1835 నాటికే ఆయన దీన్ని చేసి చూపాడు. 1844లో మోర్స్ తొలి టెలిగ్రాఫు మార్గం మొదలైంది. సుదూర మార్గాలకు ఈ ఉపాయమే దిక్కయింది. అదే రిలే.

జీపు రిలే అగ్గిపెట్టె కన్నా చిన్నది. దాని కాళ్ళకు 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. ఇవి జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన అంకెలు. 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ, 87కు దీపాలు. 85, 86 మధ్య విద్యుదయస్కాంతపు చుట్ట ఉంటుంది. ఆ చుట్టకు ఆంపియరులో ఐదో వంతు కూడా అవసరం లేదు. కాబట్టి స్విచ్చికి సన్నని తీగ చాలు. లావుపాటి తీగ బ్యాటరీ నుంచి నేరుగా పైకి పోతుంది. నాలుగు దీపాలనూ రెండేసి చొప్పున రెండు రిలేలకు, రెండు ఫ్యూజులకు విడగొడితే ఇంకా మంచిది. ఒక జత ఆరిపోయినా అడవి మధ్యలో చీకటి కమ్ముకోదు.

వెలుగు ఎవరి కంట్లో పడుతోంది?

1993లో జపాన్‌కు చెందిన షుజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌.ఇ.డి.ని సాధించాడు. దానితో తెల్లని ఎల్‌.ఇ.డి. దీపాలకు దారి ఏర్పడింది. ఆ కృషికి అకసాకి, అమానోలతోపాటు ఆయనకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు 20 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపాలు నాలుగు కలిపినా కరెంటు 7 ఆంపియర్ల లోపే. మరి సన్నని తీగ సరిపోతుందా? మునుపటికన్నా తేలికే గాని, నిర్లక్ష్యం తగదు. చాలా ఎల్‌.ఇ.డి. దీపాల్లోని ఎలక్ట్రానిక్ పరికరం వోల్టేజి తగ్గితే కరెంటును పెంచుకుంటుంది. ఫ్యూజు అవసరం ఏమాత్రం తగ్గలేదు.

ఎత్తున పెట్టిన దీపానికి మరో చిక్కుంది. మంచులో, దుమ్ములో దాని వెలుగు కళ్ళెదుటి తుంపరలపైనే పడి వెనక్కి చెదురుతుంది. డ్రైవరు ముందు తెల్లని గోడ లేస్తుంది. మంచు దీపాలను కింద బంపరు దగ్గర పెట్టడం అందుకే. మామూలు రోడ్డుపైన కప్పు దీపం ఎదుటివాడి కళ్ళను గుడ్డివి చేస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వ నిబంధన, రిజిస్టరింగు అధికారి ముందస్తు అనుమతితో అసాధారణ పరిస్థితుల్లో తప్ప వాహనం ముందు సెర్చిలైట్లు, స్పాట్‌లైట్లు అమర్చరాదంటుంది. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి తీగ కొనేముందు రవాణా కార్యాలయంలో కనుక్కోండి. అనుమతి ఉన్నా అలాంటి దీపాలు రోడ్డు లేని చోటుకే పరిమితం.

మూడు తీగలనూ మరోసారి తలచుకోండి. ఒకే కరెంటు మూడింటిలోనూ పారుతుంది. ఫిలమెంటు సన్నగా ఉండి వెలగాలి. ఫ్యూజు తన కొలతకు సన్నగా ఉండి, ఆపదలో తెగాలి. వీటి మధ్యనున్న రాగి తీగ మాత్రం లావుగా, చల్లగా ఉండాలి. ఈ తీగను సన్నం చేస్తే వెలుగు తగ్గుతుంది. ఫ్యూజును లావు చేస్తే నిప్పు పుడుతుంది. పోగు ఎక్కడ ఎంత సన్నగా ఉండాలో నేతగాడికి తెలుసు. బండికి దీపాలు బిగించేవారికీ తెలిసి ఉండవలసింది అదే.